పిట్ట నిద్రకు కాపలా

మా మామగారిని మెచ్చుకుంటూ నాలుగు మాటలు చెప్పే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయన మీద ఫిర్యాదులు చెప్పమంటే నా దగ్గర కొదవ లేదు. తడి తువ్వాలు కుర్చీ మీదే ఆరేస్తారు. రేడియో పెట్టారంటే వీధి చివరిదాకా వినపడాల్సిందే. కూరలో ఉప్పెక్కువైతే నోరు విప్పి అనరు, గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగి గ్లాసు టక్కున పెడతారు. నా నోరూ తక్కువది కాదు లెండి. బస్‌స్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర కూర్చుని రోజంతా అద్దం అవతలి జనంతో అరిచే మనిషిని. ఇంటికొచ్చినంత మాత్రాన ఆ గొంతు తగ్గదు. అయినా ఈ సంగతి మాత్రం ఆయనకు దండం పెట్టడానికే చెప్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పడం నా వల్ల కాలేదు.

మా అమ్మాయి మూడో తరగతి. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఆగకుండా వాగుతుంది కాబట్టి వాళ్ళ తాతయ్య వసపిట్ట అన్నారు. అది అరిగి పిట్ట అయింది. కిందటేడు ఒకనాడు తెల్లవారుతుండగా నిద్రలోనే దానికి ఫిట్స్ వచ్చాయి. మూతి ఒక పక్కకు లాగేసింది, గొంతులో గురగుర, చెయ్యి టపటపా మంచానికేసి కొట్టుకుంటోంది. మా ఆయన లిఫ్టుల మెకానిక్కు. ఎంత ఎత్తులోనైనా ఒక తాడు పట్టుకుని వేలాడుతూ పని చేస్తాడు. అలాంటి మనిషి గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు రాసిచ్చింది. పిల్లల్లో వచ్చే మూర్ఛల్లో ఇదొక రకమనీ, నిద్రలోనే ఎక్కువగా వస్తుందనీ, చాలామందికి పెద్దయ్యేసరికి పోతుందనీ ధైర్యం చెప్పింది. వస్తే ఏం చెయ్యాలో చూపించింది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి. అంతా చెప్పాక, "రాత్రిళ్ళు కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంది. ఆ చివరి మాట మా మామగారి చెవిన పడింది.

మా మామగారు రిటైరయ్యేదాకా ఒక కోల్డ్ స్టోరేజీ గోడౌనులో నైట్ వాచ్‌మన్. ఆ గోడౌనుకు నాలుగు గేట్లు, గేటుకొక మనిషి. వాళ్ళకొక పద్ధతి ఉండేది. గంటకోసారి మొదటి గేటు మనిషి రెండో గేటు వైపు "ఉన్నావా?" అని కేకేస్తాడు. రెండో గేటు మనిషి "ఉన్నా!" అని బదులిచ్చి మూడో గేటుకు కేకేస్తాడు. అలా ఆ పిలుపు గోడౌను చుట్టూ తిరిగొస్తుంది. ఒక చలికాలం వెనక గేటు నుంచి బదులు రాలేదు. మామగారు పరుగెత్తికెళ్ళి చూస్తే అక్కడి మనిషి గుండె పట్టుకుని నేల మీద పడున్నాడు. భుజానేసుకుని ఆసుపత్రికి మోశారు, బతికాడు. ఆ మనిషి ఇప్పటికీ కనపడితే చేతులు పట్టుకుని వదలడు. అప్పట్నుంచీ మామగారికి ఒకటే నమ్మకం. బదులొస్తేనే మనిషి ఉన్నట్టు.

డాక్టరమ్మ కనిపెట్టుకుని ఉండమంది కదా! ఇంక చూడండి. ఆ రాత్రి నుంచే మా ఇంట్లో డ్యూటీలు పడ్డాయి. మొదటి జాము మా ఆయన, నడిజాము మామగారు, తెల్లవారుజాము నేను. పిట్ట మంచం పక్కన కుర్చీ వేసుకుని కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చోవడం, కాసేపటికోసారి భుజం తట్టి "పిట్టా, ఉన్నావా?" అనడం. అది కళ్ళు తెరవకుండానే "ఉన్నా" అనేది. అంటే మా ప్రాణాలు కుదుటపడేవి. ఒకోసారి పలకకపోతే బుగ్గలు తట్టి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, పలికేదాకా వదిలేవాళ్ళం కాదు. పక్కింటి టైలరమ్మకు చెప్తే, "మీలా చూసుకునేవాళ్ళు ఎవరుంటారమ్మా" అంది. నేనూ కాస్త పొంగిపోయాను.

మందు పనిచేసింది. ఫిట్స్ మళ్ళీ రాలేదు. కాని పిట్ట మారిపోయింది.

సాయంత్రం కూర్చోబెట్టి ఏడో ఎక్కం చెప్పిస్తే గడగడా ఒప్పజెప్పేది. పొద్దున బడికి జడ వేస్తూ అడిగితే నా మొహం కేసి బిక్కమొహం వేసుకుని చూసేది. ఒక్క ముక్క ఉండేది కాదు. పద్యం అంతే, పాఠం అంతే. మొదట్లో నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. "రాత్రి చెప్పావు కదే! నోటికి వచ్చింది కదే! ఎక్కడికి పోయింది?" అని. అది వేళ్ళు నలుపుకుంటూ, "తెలీదమ్మా, నిన్న ఉంది" అనేది. బడిలో మధ్యాహ్నం అయ్యేసరికి బల్ల మీద తల వాల్చేస్తోందట. వసపిట్ట కాస్తా మాటలు తగ్గించేసింది. ఒకనాడు వాళ్ళ అత్తయ్య పంపిన గౌను వేసుకుని, "ఇది ఎవరిచ్చారమ్మా?" అని అడిగింది. ముందురోజే కదా అత్తయ్య వచ్చి, తన చేత్తో తొడిగి చూసి వెళ్ళింది!

క్లాసు టీచరు మంచి మనిషి. పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పింది. "పాప తెలివికేం లోటు లేదండీ. చెప్పింది చెప్పినట్టు అందుకుంటుంది. నిలవడం లేదు, అంతే. ఇలాగే ఉంటే వచ్చే ఏడు కూడా ఇదే క్లాసులో ఉంచాల్సొస్తుంది. ముందు డాక్టరుకు చూపించండి. నిద్ర గురించి కూడా చెప్పండి." ఆవిడ ఆ చివరి మాట అనకపోతే మేమెక్కడ ఉండేవాళ్ళమో. ఆవిడ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

డాక్టరమ్మ అంతా వింది. నిద్రలో మెదడు ఎలా పనిచేస్తోందో ఒక రాత్రంతా రికార్డు చేస్తే గాని తెలియదంది. "లోపల మూర్ఛ తాలూకు అలజడి ఎక్కువగా ఉంటే రెండో మందు కలపాలి. అది కాస్త మత్తుగా ఉంచుతుంది. అవసరం లేకపోతే బాగుండునని నేనూ కోరుకుంటున్నా" అంది. బయటికొచ్చాక మా ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. నాకు ఒకటే భయం. ఇవాళ ఎక్కం పోయింది, అత్తయ్య వచ్చిన సంగతి పోయింది. ఇలా రోజుకింత పోతూ పోతూ ఈ పిల్ల దగ్గర చివరికి ఏం మిగులుతుంది? నేనైనా మిగులుతానా?

రికార్డింగుకు సాయంత్రమే వెళ్ళాం. గోడలకు చేపల బొమ్మలు అతికించిన చిన్న గది. అక్కడ పనిచేసే అమ్మాయిని పిట్ట చూడగానే వైర్లక్క అని పేరు పెట్టేసింది. వైర్లక్క టేపు పెట్టి ముక్కు మొదలు నుంచి మెడ వెనకదాకా, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా కొలిచి, ఎర్ర పెన్సిలుతో తలంతా చుక్కలు పెట్టింది. ఒక్కో చుక్క దగ్గర పాయ తీసి, ఇసకలా గరగరలాడే జెల్లు రుద్ది, బంక పూసి చిన్న బిళ్ళ అతికించింది. అన్నీ అయ్యాక గాజుగుడ్డ చుట్టేసరికి పిట్ట తలపాగా కట్టుకున్న పెద్దమనిషిలా తయారైంది.

"అక్కా, నా తలకాయలో ఏమనుకుంటున్నానో నీకు కనపడుతుందా?" అంది పిట్ట.

"కనపడదు. గీతలే కనపడతాయి."

"అబద్ధమాడితే?"

"అబద్ధమైనా గీతే, నిజమైనా గీతే. నిశ్చింతగా ఆడుకో."

చాలా రోజుల తర్వాత నా కూతురు పకపకా నవ్వింది. ఆ ఒక్క నవ్వుకే ఆ అమ్మాయికి జీతం పెంచాలనిపించింది నాకు. వెళ్తూ వెళ్తూ వైర్లక్క మాతో, "గోడ మీద కెమెరా ఉంది. ఫిట్స్ వస్తే ఈ బటన్ నొక్కండి. మిగతాదంతా ఇంట్లో ఎలా ఉంటారో ఇక్కడా అలాగే ఉండండి, మొహమాటపడకండి" అంది. మాకు మొహమాటమేమిటి! ఇంట్లో ఉన్నట్టే ఉన్నాం.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ తన గదిలోకి పిలిచింది. టేబుల్ మీద పెద్ద తెర. ఒక పక్క గీతలు, ఇంకో పక్క మంచం మీద పిట్ట. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. మామగారు కూర్చోమన్నా కూర్చోలేదు.

"ముందు మంచి మాట చెప్తాను" అంది డాక్టరమ్మ. "ఇదిగో, ముల్లులా పొడుచుకుని లేస్తోందే, ఇది మూర్ఛ తాలూకుది. ఇవి అక్కడక్కడా ఉన్నాయి గాని తక్కువే. మందు పనిచేస్తోంది. రెండోది అక్కర్లేదు."

మా ఆయన హమ్మయ్య అన్నాడు. నేను వెంటనే, "మరి ఎందుకు మర్చిపోతోందండీ?" అన్నాను.

ఆవిడ తెర మీద వేలు పెట్టింది. "పిల్ల గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఇలా పెద్దపెద్ద అలలు నిదానంగా వస్తాయి. వాటి మధ్యలో గబగబా అల్లినట్టు ఈ చిన్నవి వస్తాయి, చూశారా? పగలు నేర్చుకున్నదాన్ని మెదడు తిరగేసుకుని, నిలవుండే చోట సర్దుకునేది ఇప్పుడే. కొందరు పిల్లల్లో ఈ ముళ్ళు ఎక్కువైపోయి ఆ సర్దుడు చెడగొడతాయి. మీ పాపలో అంత లేవు. మరేం చెడగొడుతోందా అని చూస్తే..." అని ఆగి, బొమ్మను నడిపించింది.

పెద్ద అలలు మొదలయ్యాయి. నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి. ఇంతలో ఇటుపక్క బొమ్మలోకి ఒక చెయ్యి వచ్చింది. భుజం తట్టింది. అలలు చెదిరిపోయి గీతలు పిచ్చి గీతలయ్యాయి. పిట్ట పెదవులు కదిలాయి. మళ్ళీ పడుకుంది. మళ్ళీ అలలు మొదలవుతుండగానే మళ్ళీ చెయ్యి.

ఆ చెయ్యి మామగారిది. నేను ఆయన వైపు తిరిగి నోరు తెరిచాను. ఏమేం అనాలో అన్నీ నాలుక చివరిదాకా వచ్చేశాయి. సరిగ్గా అప్పుడే తెర మీద ఇంకో చెయ్యి వచ్చింది. ఈసారి చేతికి ఆకుపచ్చ గాజులున్నాయి. ఇప్పుడు నా చేతికున్నవే. నా నోరు దానంతటదే మూతపడింది. డాక్టరమ్మ ఇంకాస్త వెనక్కి తిప్పితే మా ఆయన చెయ్యి కూడా కనపడింది లెండి, ఇంటిల్లిపాదిమీ హాజరు.

"రాత్రంతా ఇంతే" అంది డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు. "తప్పు నాది కూడా. కనిపెట్టుకుని ఉండమన్నాను, ఎలాగో చెప్పలేదు. గదిలో ఎవరో ఒకరు ఉండండి. చూడండి, వినండి. లేపకండి. ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తే చాలు, పలకాల్సిన పనిలేదు."

అంత చదువుకున్న మనిషి తప్పు నాది కూడా అంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామగారు మాత్రం తెర వైపే చూస్తూ, "రోజూ నేనే దాని చదువు చెరిపేశానన్నమాట" అన్నారు. బస్సులో ఆయన గుప్పిళ్ళు బిగించి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఇంటికొచ్చాక, "ఇంక రాత్రి డ్యూటీ నాదొక్కడిదే. నాకెలాగూ రాత్రి నిద్ర పట్టదు, అన్నేళ్ళ అలవాటు. మీరు పడుకోండి" అని తేల్చేశారు. నాకు నమ్మకం లేదు, ఎందుకు దాచాలి! ఆయన ఊరుకోగలరా? పక్క గదిలో పడుకుని చెవులు రిక్కించి వినేదాన్ని. గొంతు సవరించుకోవడం వినపడేది. కుర్చీ కిర్రుమనేది. మాట మాత్రం వినపడేది కాదు.

పిట్ట బడిలో తూగడం మానేసింది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. చదువు కొంత నిలుస్తోంది, కొంత జారిపోతోంది. డాక్టరమ్మ ఓపిక పట్టమంది. ఓపిక అనేది నా జాతకంలోనే లేదు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. రోజూ జడ వేస్తూ నేను అడగడం, అది సగం చెప్పి సగం నీళ్ళు నమలడం.

ఒక సాయంత్రం మామగారు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని గోడౌను పిల్లి కథ మొదలుపెట్టారు. ఆ పిల్లి పేరు దొరగారట. నల్లకోటు తొడుక్కున్నట్టు ఒళ్ళంతా నలుపు, మెడ కింద తెలుపు. రోజూ ఒకే వేళకు మొదటి గేటు దగ్గరికి డ్యూటీకి వచ్చేవాడట. ఒకరోజు రాలేదు. వెతగ్గా వెతగ్గా చల్లటి గది తలుపు వెనక నుంచి సన్నగా కూత వినపడిందట. తాళం మేనేజరు దగ్గర ఉంది, మేనేజరేమో పెళ్ళికి వెళ్ళాడు. అక్కడ ఆపేశారు.

"తర్వాతో?" అంది పిట్ట మోకాళ్ళ మీద లేచి.

"రేపు. ఇప్పటిదాకా చెప్పింది నువ్వు నాకు తిరిగి చెప్పు, అప్పుడు మిగతాది చెప్తా."

నేను వంటగదిలోంచి వింటూ పళ్ళు నూరుకున్నాను. పిల్లకు పరీక్ష పెట్టడానికి బడి చాలదా, ఈయన కూడానా! రేపు పొద్దున అది చెప్పలేక మొహం చిన్నబుచ్చుకుంటే ఎవరు చూడాలి?

పొద్దున లేచి కాఫీ పెడుతుంటే మామగారు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఇంట్లో చెప్పులతో తిరగనివ్వను నేను. ఆయన కాళ్ళకు చెప్పులున్నాయి.

"రాత్రి పిట్టకి వచ్చిందమ్మా."

"ఏం వచ్చింది?"

"ఫిట్సే. చిన్నది. మూతి లాగింది, చెయ్యి కొట్టుకుంది. పక్కకి తిప్పా. గడియారం చూశా. నిమిషం లోపే తగ్గిపోయింది. ఊపిరి సర్దుకునేదాకా వీపు మీద చెయ్యేసి కూర్చున్నా. మళ్ళీ పడుకుంది. హాయిగా పడుకుంది."

నేను స్టవ్ కట్టేసి గదిలోకి ఉరికాను. పిట్ట నోరు కొంచెం తెరుచుకుని, ఒక కాలు దుప్పటి బయట పెట్టి నిద్రపోతోంది. పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. చెయ్యి దాని భుజం మీదికి పోబోయింది. వెనక్కి లాక్కుని వంటగదిలోకి వచ్చి ఆయన మీద పడ్డాను.

"నన్నెందుకు లేపలేదు మామయ్యా? కన్నతల్లిని! పక్క గదిలోనే చచ్చినట్టు పడున్నానే! ఏదైనా అయితే?"

"నిన్ను లేపితే నువ్వు దాన్ని లేపుతావమ్మా."

నేను మళ్ళీ స్టవ్ వెలిగించాను.

"ఆగకపోతే లేపేవాణ్ణే. దాన్ని భుజానేసుకుని పరుగెత్తాలి కదా అని, చూడు, చెప్పులు వేసుకునే కూర్చున్నా. ఫోను చేతిలోనే ఉంది." ఫోను ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "పిలవాలని నోటిదాకా వచ్చిందమ్మా. ఒక్కసారి పలికితే చాలనిపించింది. రాత్రంతా పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నా. ఆ అలలు... అవి చెదిరిపోతాయి కదా."

ఎన్నో ఏళ్ళ అలవాటును, బదులొస్తేనే మనిషి ఉన్నట్టన్న నమ్మకాన్ని, అంత భయంలోనూ ఆ రాత్రి ఒక్కడూ నోట్లోనే నొక్కిపెట్టుకున్నాడు ఆ పెద్దాయన. అది నేను చెయ్యగలిగేదాన్నా? చచ్చినా చెయ్యలేను. ఆ క్షణంలో ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. కాని నా నోరు ఉంది చూశారూ, "కాఫీ తాగి వెళ్ళి పడుకోండి, నిలబడి తూలుతున్నారు" అంది.

పిల్లాడిలా తలూపి, కాఫీ తాగి, చెప్పులతోనే మంచం ఎక్కారు. చెప్పులు నేనే విప్పి గుమ్మం బయట పెట్టాను. మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, చేసినదంతా సరిగ్గానే చేశారనీ, మందు కొంచెం సరిచేస్తాననీ, సాయంత్రం తీసుకురమ్మనీ చెప్పింది. కౌంటరుకు సెలవు పెట్టేశాను. రేడియో ప్లగ్గు పీకేశాను. ఇస్త్రీ బట్టలవాడు గేటు దగ్గర అరవబోతే పరుగెత్తికెళ్ళి నోటి మీద వేలు పెట్టి చూపించాను. నేనే నోరు మూసుకోమని సైగ చేస్తుంటే అతగాడు నన్ను వింతగా చూశాడు.

పొద్దెక్కాక పిట్ట లేచింది. రాత్రి ఏం జరిగిందో దానికి తెలియదు. కళ్ళు నులుముకుంటూ సరాసరి తాతయ్య గది వైపు నడిచింది.

"ఎక్కడికే?" అన్నాను రహస్యంగా.

"తాతయ్యకి దొరగారి కథ చెప్పాలి. చెప్తే మిగతాది చెప్తాడు."

"తాతయ్య పడుకున్నాడు. నాకు చెప్పు."

"నీకెందుకు? మిగతాది నీకు రాదుగా."

"ఇప్పుడు చెప్పెయ్యవే, తర్వాత మర్చిపోతావు" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

పిట్ట నా మొహంలోకి చూసింది. నన్ను ఊరడించాల్సిన పని దానికే పడినట్టు నా చెయ్యి పట్టుకుని, నాకంటే మెల్లగా అంది. "మర్చిపోనులే అమ్మా. తాతయ్యని పడుకోనీ."

అని ఆ గది గుమ్మం బయట గోడకానుకుని కూర్చుంది. వసపిట్ట! పాలు అక్కడికే తెచ్చిచ్చాను. ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యమధ్యలో తలుపు సందులోంచి తొంగి చూసి, ఆయన పొట్ట ఆడుతోందని నాకు సైగ చేసి, మళ్ళీ కూర్చునేది. నేను దాని పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను. నా జన్మలో నేను అంతసేపు ఊరుకున్నది అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి మంచం కిర్రుమంది. పిట్ట ఒక్క ఉరుకున లోపలికి పోయి, ఆయన లేచి కూర్చోకముందే మొదలుపెట్టేసింది. నల్లకోటు, మెడ కింద తెలుపు, మొదటి గేటు, చల్లటి గది, తలుపు వెనక కూత, పెళ్ళికెళ్ళిన మేనేజరు. ఒక్క ముక్క పోలేదు. చెప్పేసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అంది.

ఆయన చెప్పలేకపోయారు. దాన్ని దగ్గరికి లాక్కుని, దాని తల మీదుగా నా వైపు చూశారు. ఏదో ఒకటి అనాలి నేను. థాంక్సండీ అననా? మా ఇంట్లో ఎవరమూ అలా అనుకోం. వెళ్ళి వాళ్ళ మంచం పక్కన నేల మీద చతికిలబడి కూర్చున్నాను.

"చెప్పండి మామయ్యా, నేనూ వింటాను" అన్నాను. "తాళం లేకుండా తలుపెలా తీశారు?"